కాన్పు గది తలుపు

ఆగస్టు 2, శనివారం

వచ్చి మూడు రోజులైంది. అన్నయ్య ఇల్లు రాజధాని బిష్కెక్ చివర కొత్త కాలనీలో ఉంది. ఇక్కడ దుమ్ముకి తప్ప అన్నిటికీ కొరతే. ముందుగదిలో నాకు పరుపు వేశారు. రాసేది అకిలాయ్ పాత లెక్కల పుస్తకంలో. నా కూతురు సగం పుస్తకంతోనే రెండో తరగతి గట్టెక్కింది. మిగతా సగం నాకు మిగిలింది.

పెద్ద ఊళ్లో నర్సుకు పని దొరకదన్న భయం లేదు. ప్రతి ఆసుపత్రి గోడ మీదా ‘నర్సులు కావలెను’ అనే ఉంది. ఎక్కడ చేరాలన్నదే నా సమస్య. నారిన్ కొండల్లోని మా అట్‌బాషీలో ఉన్నది ఒకే ఆసుపత్రి. పదకొండేళ్లు అందులోనే కాన్పుల వార్డులో చేశాను. ఎంచుకోవడం అన్న మాటే రాలేదు. ఇక్కడ ఎంచుకోవాలి. ఉండడానికి గది ఇవ్వాలి, గదితోపాటు చిరునామా కాగితం ఇవ్వాలి. అది లేనిదే ఇక్కడి బడిలో పిల్లని చేర్చుకోరు. అన్నయ్య ఇంటికి ఇంకా పట్టా లేదు కాబట్టి అది పనికిరాదు. ఇరవై అయిదో తేదీలోగా కాగితం చూపిస్తేనే సెప్టెంబరు ఒకటిన అకిలాయ్ ఇక్కడి బడికి వెళ్తుంది. లేకపోతే అమ్మ దగ్గర ఊళ్లోనే ఉండిపోతుంది.

ఇంకొకటి. కాన్పుల వార్డు వద్దు. చాలాకాలం చేశాను, మార్పు కావాలి. అంతే.

ఆగస్టు 5, మంగళవారం

కిడ్నీ రోగులకు రక్తం శుభ్రం చేసే వార్డుకి వెళ్లాను. పన్నెండు మంచాలు, పన్నెండు యంత్రాలు. ఎవరూ అరవరు, ఎవరూ పరుగెత్తరు. నాలుగు గంటలు పడుకుంటారు, లేచి ఇంటికి పోతారు. అక్కడి పెద్ద నర్సు నా కాగితాలు చూసి కళ్లజోడు తీసింది.

“కాన్పుల్లో పదకొండేళ్లు చేసి ఇక్కడికెందుకమ్మా? ఇక్కడెవరూ పుట్టరు.”

“అందుకే” అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అక్టోబరు దాకా ఖాళీ లేదంది. గది ఎటూ ఇవ్వరు. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. బయట బల్ల మీద కూర్చుని ఆ యంత్రాల చప్పుడు వింటూ అరగంట గడిపాను.

ఇంటికొచ్చి చెబితే వదిన కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది.

“ఏమ్మా మహారాణీ, ఊరంతటి పిల్లల్నీ పట్టిన చేతులు, ఇప్పుడు మిషన్లు తుడుస్తాయా? నీ హస్తవాసి గురించి మా పుట్టింటి దాకా చెప్పుకుంటారే!”

“ఆ మాట అనకు వదినా.”

“ఏం, దిష్టి తగులుతుందా?”

తగలాల్సింది ఎప్పుడో తగిలింది.

ఆగస్టు 6

ఆ నంబరు నుంచి రెండుసార్లు. ఎత్తలేదు.

ఆగస్టు 7, గురువారం

వదిన వాళ్ల కుట్టుకేంద్రంలో ఒకావిడ చెబితే ఒక ప్రైవేటు కాన్పుల క్లినిక్‌కి వెళ్లాను. కాన్పుల గదిలో కాదట, కాన్పయ్యాక తల్లీబిడ్డలుండే గదుల్లో పని. అది వేరు. అందుకే వెళ్లాను.

నేల అద్దంలా ఉంది, చెప్పులు విప్పాలో వద్దో తెలియలేదు. అక్కడి మేనేజరు ఎల్దియార్ ఇరవై ఆరేళ్లవాడు. మాట తేనె. “మీలాంటి వాళ్లే కావాలక్కా! అనుభవం, పైగా మొహంలో ఆ కొండల కళ!” అన్నాడు. వెనకవైపు నర్సులకి గదులున్నాయి. కిటికీ తీస్తే ఎదురుగా బడి. చిరునామా కాగితం చేరిన రోజే ఇస్తాడట. గోడకి రెండు మంచాలు పట్టే గది చూపించాడు. అకిలాయ్ మంచం కిటికీ వైపు వేయాలని అక్కడే నిర్ణయించేసుకున్నాను.

తిరిగి వస్తుంటే వసారాలో ఏదో గోల. పూలూ బెలూన్లూ పట్టుకుని ఒక కుటుంబం నిలబడి ఉంది, ఒక అమ్మాయి కెమెరా పట్టుకుంది. తలుపు దడాలున తెరుచుకుని ఒక నర్సు బిడ్డతో పరుగెత్తుకొచ్చింది. “సుయుంచు! సుయుంచు! మగపిల్లాడు!” అని అరిచింది. ఆ కేకతో శుభవార్త ముందుగా మోసుకొచ్చిన మనిషికి విన్నవాళ్లు కానుకివ్వాలి కదా. అమ్మమ్మ చేతి ఉంగరం తీసి ఆ పిల్ల వేలికి తొడిగింది. అందరూ ఏడ్చారు, నవ్వారు, ముద్దులు పెట్టుకున్నారు. కెమెరా వాళ్లందరి చుట్టూ తిరిగింది.

“ఇది మా ప్రత్యేకత అక్కా. పుట్టిన అయిదు నిమిషాల్లో వార్త బయటికి రావాలి. వీడియో ఫీజులోనే కలిపేస్తాం” అన్నాడు ఎల్దియార్.

లోపల తల్లి దగ్గర ఎవరున్నారని అడగాలనుకున్నాను. అడగలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, నీరసం.

ఆగస్టు 11, సోమవారం

ఇంకో చోటు కూడా చూసి నిర్ణయించుకోమన్నాడు అన్నయ్య. పాత ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాను. పెచ్చులూడిన పసుపు గోడలు. బంధువులని లోపలికి రానివ్వరు. గేటు బయట వీధిలో నిలబడి పై కిటికీల వైపు అరుస్తున్నారు. “ఎవరికి పోలిక? ముక్కు ఎవరిదే?” అని ఒక మొగుడు గొంతు చించుకుంటున్నాడు. పైనుంచి పెళ్లాం “నీదే, పాపం!” అని అరిచింది. వీధి వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులకి.

పెద్ద నర్సు పేరు రోజా బెకోవ్నా. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది ఎర్రబడిన చేతులు. కాన్పు గది చూపించింది. తలుపుకి లోపలి నుంచి గడియ.

“బిడ్డ బయటపడ్డాక రెండు గంటలు ఈ గడియ తియ్యం. నర్సు తల్లి దగ్గరే ఉంటుంది. బయట రాష్ట్రపతి వచ్చి నిలబడినా సరే, ఆగాల్సిందే” అంది. తరవాత నా మొహంలోకి చూసింది. “పదకొండేళ్లు చేసి అక్కడెందుకు మానేశావు?”

“అక్కడి గాలి పడలేదండి.”

“నారిన్ కొండగాలి పడక, బిష్కెక్ పొగ పీలుద్దామని వచ్చావా?”

నా కాగితాలు మడతపెట్టాను. “అబద్ధాలాడే నర్సు నాకొద్దమ్మాయ్. నిజం గుర్తొచ్చినప్పుడు రా” అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ మామూలుకే ఎక్కువ భయం వేసింది.

ఎలాగూ అక్కడ గది ఇవ్వరు. మూడు నెలలు పనిచేశాకే హాస్టలు. అకిలాయ్‌కి సంవత్సరం మధ్యలో బడా? కుదరదు. అదే కారణం. వేరే ఏం లేదు.

ఆగస్టు 12

మళ్లీ ఆ నంబరు. ఉల్కాన్ ముసలమ్మది. అయిదు నెలల్లో ఎన్నిసార్లు చేసిందో. ఏం అడుగుతుందో నాకు తెలుసు. తెలియదు. తెలుసుకోవాలని లేదు.

ఆగస్టు 14, గురువారం

నా కొంప ముంచింది వదిన. ఫోను ఛార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్తే తనే ఎత్తింది.

“ఎవరో ఉల్కాన్ అట, ఎంత మంచి ముసలమ్మో! ‘కనిషాయ్ బాగుందా, సన్నబడిందా’ అని అడిగింది. వాళ్ల చిన్నకూతురు నుర్‌జాత్ ఇక్కడే ఉంటుందట, ఈ నెలాఖరుకి కాన్పు. నువ్వు ఏ ఆసుపత్రిలో చేరితే అక్కడికే తీసుకొస్తారట!”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెబుతాను? బడి ఎదురుగా ఉన్న క్లినిక్‌లో చేరుతోందని చెప్పా. సంతోషించింది పాపం. ‘నా బిడ్డ పక్కన ఆ పిల్ల ఉంటే నాకు చాలు’ అంది.” వదిన నా మొహం చూసి ఆగింది. “ఏమయిందే? అట్లా తెల్లబోయావేం?”

ఏం లేదన్నాను. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి విప్పి కూర్చున్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

రాసేస్తే పోతుందంటారు. చూద్దాం.

మార్చి తొమ్మిది. ఉల్కాన్ కోడలు జిబెక్, మొదటి కాన్పు. పగలు రెండు గంటలకి ఆడపిల్ల పుట్టింది, మూడున్నర కిలోలు. పక్క గదిలో ఇంకో కాన్పు కష్టమైతే డాక్టరు అటు పరుగెత్తాడు. జిబెక్ బాగుంది. నాతో మాట్లాడింది. “అత్తయ్యకి చెప్పు అక్కా, పాపం పొద్దున్నుంచి నిలబడే ఉంది” అంది. అందుకని వసారాలోకి వెళ్లాను. జిబెక్ చెప్పబట్టే వెళ్లాను. సుయుంచు అన్నాను. ముసలమ్మ తన శాలువా తీసి నాకు కప్పింది. మూడు నిమిషాలు. అయిదు అనుకో. తిరిగి వెళ్లేసరికి దుప్పటి కింద రక్తం. గర్భసంచి ముడుచుకోలేదు. కనుమ మీద మంచు పడి నారిన్ పట్నం నుంచి రక్తం రావడం ఆలస్యమైంది. సాయంత్రానికి జిబెక్ పోయింది.

నేను పక్కనే ఉన్నా పోయేదే అన్నాడు డాక్టరు. ఆయన మంచివాడు.

అయిదు నిమిషాలే.

ఆగస్టు 16

రాస్తే పోలేదు.

ఆగస్టు 18, సోమవారం

క్లినిక్‌లో చేరాను. వారం రోజులు చూసి ఖాయం చేస్తారట. చిరునామా కాగితం చేతికొచ్చింది. నా పేరు, కింద అకిలాయ్ పేరు. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివాడు, వదిన మాంసం, నూడుల్స్ వండి బెష్‌బర్మాక్ పెట్టింది. ఫోనులో అకిలాయ్ “అమ్మా, బడిలో ఈతకొలను ఉందా?” అని అడిగింది. లేదు. ఉందేమో చూస్తానన్నాను.

నేనుండేది కాన్పయ్యాక గదుల్లోనే. భయపడాల్సిందేం లేదు. నుర్‌జాత్ కాన్పు నెలాఖరుకి. ఆ రోజు సెలవు పెడతాను. తలనొప్పి అంటాను. నర్సుకీ తలనొప్పి వస్తుంది.

ఆగస్టు 20, బుధవారం

ఎల్దియార్ మాట మార్చాడు. సుయుంచు నర్సు మానేసిందట, ఆ పని ఇక నాదట.

“మీ మొహంలో నిజం కనిపిస్తుందక్కా. ఇవాళ ఒకసారి ఉత్తినే పరుగెత్తి చూపించండి, కెమెరా అమ్మాయి కోణం చూసుకుంటుంది.”

ఖాళీ దుప్పటి మడతపెట్టి బిడ్డలా ఎత్తుకున్నాను. తలుపు తీసి పరుగెత్తాను. “ఇంకా నవ్వాలక్కా! మీరు గెలిచినట్టు నవ్వాలి!” మూడుసార్లు పరుగెత్తించాడు. ఎలా నవ్వాలో నాకు నేర్పక్కర్లేదు.

నేను బయటున్నప్పుడు తల్లి దగ్గర ఎవరుంటారని ఈసారి అడిగాను.

“గదిలో బటన్ ఉంది కదక్కా. ఆవిడకేమైనా అయితే నొక్కుతుంది.”

రక్తం పోతున్న మనిషికి ముందు నిద్రొస్తుంది. హాయిగా, చల్లగా నిద్రొస్తుంది. బటన్ నొక్కదు. ఇది అతనికి చెప్పాను. “మీరు మరీ చీకటిగా ఆలోచిస్తారు” అన్నాడు.

సాయంత్రం గదికి వచ్చి అకిలాయ్ మంచం మీద కూర్చున్నాను. ఈ పని వదిలేస్తే అకిలాయ్ ఊళ్లోనే ఉండిపోతుంది. పనిలో ఉంటే నేను ఆ తలుపు తీసుకుని పరుగెత్తాలి. ఎటు చూసినా నుయ్యీ గొయ్యీ.

ఆగస్టు 21, గురువారం

అయిదు నిమిషాలు కాదు.

ముసలమ్మ శాలువా కప్పింది. నుదుటి మీద ముద్దు పెట్టింది. “నీ నోట్లో వెన్న పొయ్య, మళ్లీ చెప్పు తల్లీ” అంది. మళ్లీ చెప్పాను. పెద్దకొడుక్కి ఫోను కలిపి నా చేతికిచ్చింది, అతనికి చెప్పాను. ఆడపడుచుకి చెప్పాను. ఎవరో టీ పోశారు. తాగాను. ఇంకొకరికి చెప్పాను. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు బాగుండింది. ఇదే నేను ఎవరికీ చెప్పనిది. ఆ ఆసుపత్రిలో ఎవరూ మా నర్సులని అలా చూడరు. వెళ్లాలని ఒకసారి అనిపించింది. ఇంకొక్క గుక్క తాగి వెళ్దామనుకున్నాను.

వెళ్లేటప్పుడు గోడ గడియారంలో రెండూ అయిదు. వచ్చేసరికి రెండూ పదిహేడు.

రికార్డు పుస్తకంలో ‘నర్సు రోగి పక్కనే ఉంది’ అని ఉంది. అది నా చేతిరాత.

ఆగస్టు 22, శుక్రవారం

చేయి నొప్పిగా ఉంది, అయినా ఇవాళే రాయాలి.

పొద్దున ఎనిమిదిన్నరకి నుర్‌జాత్ వచ్చేసింది. వారం ముందే నొప్పులు. తలనొప్పి అని చెప్పడానికి మేనేజరు గదికి వెళ్తున్నాను, వసారా మలుపులో ఉల్కాన్ ఎదురైంది. అయిదు నెలల్లో పదేళ్లు పెద్దదయింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

“ఫోను ఎత్తవేం తల్లీ?”

“పనిలో ఉంటానమ్మా.”

“ఒక్క మాట అడగాలి. అది అడగాలనే చేస్తున్నా ఇన్నాళ్లూ. ఆ రోజు నిన్ను నేను ఎంతసేపు పట్టుకుని ఉంచాను?”

నేను అనుకున్న ప్రశ్న ఇది కాదు. ‘నువ్వెక్కడున్నావు’ అని అడుగుతుందనుకున్నాను. ఎన్నాళ్లుగానో సిద్ధం చేసుకున్న జవాబులేవీ దీనికి సరిపోలేదు. నోటికొచ్చింది అనేశాను.

“ఎంతసేపని... రెండు నిమిషాలు. అంతే.”

ముసలమ్మ నా కళ్లలోకి చూసింది. తరవాత చేతులు వదిలేసింది. “సరే పోమ్మా. నా బిడ్డ భయపడుతోంది, దాని దగ్గరికి పో” అంది.

సెలవు అడగలేదు. ఎందుకో నాకే తెలియదు. లోపలికి వెళ్లి చేతులు కడుక్కున్నాను.

పదకొండూ ఇరవైకి మగపిల్లాడు పుట్టాడు. సుఖంగానే అయింది. డాక్టరు చినారా, మాయ పూర్తిగా బయటపడిందని కూడా చూసి, “బాగుంది” అని పక్కగదిలో ఆపరేషనుకి సిద్ధమవడానికి వెళ్లిపోయింది. నుర్‌జాత్ నవ్వుతోంది. తలుపు సందులోంచి ఎల్దియార్ తల పెట్టాడు.

“పరుగెత్తండక్కా! వెలుతురు బ్రహ్మాండంగా ఉంది!”

నా కుడిచేయి నుర్‌జాత్ పొట్ట మీద ఉంది.

“రాను” అన్నాను.

“ఏంటీ?”

“రెండు గంటలు రాను. తలుపెయ్యండి.”

“అక్కా, వాళ్లు డబ్బు కట్టారు! బయట అందరూ ఎదురుచూస్తున్నారు!”

“చూడనివ్వండి.”

అతను లోపలికి వచ్చాడు. తేనె అంతా ఎటు పోయిందో! గది గుర్తుందా అన్నాడు, చిరునామా కాగితం గుర్తుందా అన్నాడు. గుర్తుంది. కిటికీ పక్క మంచం కూడా గుర్తుంది. నాకు ఏడుపు వచ్చింది. చేయి మాత్రం తీయలేదు. చివరికి ఇంకో చిన్న నర్సుని పిలిచి బిడ్డని ఆ పిల్ల చేతికిచ్చాడు. బయట సుయుంచు కేక వినిపించింది. చప్పట్లు.

గడియారం చూస్తూనే ఉన్నాను. తొమ్మిదో నిమిషంలో నా చేతికింద పొట్ట మెత్తబడింది. అప్పటిదాకా గట్టి బంతిలా ఉన్న గర్భసంచి పిండిముద్దయింది, రక్తం జారడం మొదలైంది. నుర్‌జాత్‌కి ఏమీ తెలియలేదు. “నిద్రొస్తోందక్కా” అంది.

“పడుకోకు! నీ కొడుక్కి ఏం పేరు పెడతావో చెప్పు. చెబుతూనే ఉండు!”

మర్దన చేస్తూ డాక్టరు కోసం అరిచాను. నా జన్మలో అలా అరవలేదు. చినారా చేతి తొడుగులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇంజెక్షను, సెలైను. మర్దన, మళ్లీ మర్దన. నుర్‌జాత్ పద్దెనిమిది పేర్లు చెప్పింది, వాళ్లింటి మూడు గుర్రాల పేర్లతో కలిపి. నెమ్మదిగా నా చేతికింద మళ్లీ గట్టిపడింది. రక్తం తగ్గింది.

“ఇలా చాలామందికి అవుతుంది. కంగారు పడకు” అంది చినారా. ఆవిడ నుదుటి మీద కూడా చెమట ఉంది.

ఒంటిగంటా ఇరవై దాకా కూర్చున్నాను. తరవాత ఇంకో పది నిమిషాలు. అప్పుడు లేచి తలుపు తీశాను.

బెలూన్లు ఎగరకుండా కుర్చీకి కట్టి అందరూ భోజనానికి వెళ్లిపోయారు. ఉల్కాన్ ఒక్కతే ఉంది. తలుపుకి ఎదురుగా నేలమీద కూర్చుంది. వీడియో మొత్తం పాడైందట. సుయుంచు అన్నా కానుక ఇవ్వలేదు, కెమెరా వైపు చూడలేదు. అందరూ బిడ్డని చూస్తుంటే ఆవిడ తలుపునే చూసిందట. తరవాత ఎల్దియారే చెప్పాడు, అదీ నా తప్పే అన్నట్టు.

“బతికుందా?” అంది ఉల్కాన్.

“ఉంది. టీ అడుగుతోంది. గుర్రాల సంగతి కూడా అడుగుతోంది.”

ముసలమ్మ కళ్లు మూసుకుంది. నేను ఎదురుగా నేలమీదే కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

“పొద్దున అబద్ధం చెప్పాను. రెండు కాదమ్మా. పన్నెండు. పుస్తకంలో పక్కనే ఉన్నానని రాసుకున్నాను. నేను లేను. మీ దగ్గర టీ తాగుతున్నాను.”

“తెలుసు.” కళ్లు తెరవకుండానే అంది. “ఆ గడియారం కిందే కదా నేను కూర్చున్నది. ‘మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు’ అని నిన్ను పట్టుకుంది నేనే. నువ్వు ఒకసారి తలుపు వైపు చూశావు. చూసి కూడా నేను వదల్లేదు. టీ పోయించాను. అయిదు నెలల నుంచీ ఆ పన్నెండూ నేనొక్కదాన్నే మోస్తున్నా. పొద్దున నువ్వు రెండు అన్నావు చూడూ, మొత్తం నా నెత్తినే పడేసి పోయినట్టు అనిపించింది.”

ఆవిడ కోసం ఇన్నాళ్లూ ఒక్కసారీ భయపడలేదు నేను. నా కోసమే పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“నా మీద కోపం లేదా?” అన్నాను చివరికి.

“ఎందుకుండదూ? జిబెక్ నా కోడలు. నా ఇంట్లో దీపం. కోపం ఉంది.” తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది. “పిల్లకి నీ పేరే పెట్టాం. నీకు తెలియదు కదా. ముందు వార్త తెచ్చిన దానివి నువ్వే, జిబెక్ ఇంకా ఉండగానే ఆ పేరు అనుకున్నాం. పోయాక మార్చమన్నారు మావాళ్లు. నేను మార్చనివ్వలేదు. రోజుకి వందసార్లు కనిషాయ్ అంటాను. కోపమూ ఉంటుంది, పేరూ ఉంటుంది. రెండూ ఉండనీ.”

ఆవిడని లేపి నుర్‌జాత్ దగ్గరికి తీసుకెళ్లాను. సాయంత్రం ఎల్దియార్ చిరునామా కాగితం, గది తాళం వెనక్కి తీసుకున్నాడు. అన్నయ్య ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 23, శనివారం

అకిలాయ్‌కి చెప్పాను. “ఆ బడిలో ఈతకొలను లేదు కదా?” అంది. లేదన్నాను. “అయితే పర్లేదు” అంది. గొంతు పర్లేదన్నట్టు లేదు. అమ్మ ఫోను తీసుకుని “పిల్లని నేను చూసుకుంటా. ముందు నువ్వు అన్నం తిను” అంది. తిన్నాను.

వదిన మాత్రం ఊరుకోలేదు.

“అంత మంచి గది! పరుగెత్తితే పోయేదేముందే? అయిదు నిమిషాల పని!”

చెప్పాను. మొత్తం. వదిన చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. నా పరుపు మీద ఇంకో దుప్పటి వేసి వెళ్లింది.

ఆగస్టు 25, సోమవారం

ఇవాళ ఆఖరు తేదీ. పొద్దున్నే పాత ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాను. గేటు దగ్గర జనం కిటికీల వైపు అరుస్తూనే ఉన్నారు. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఇంకా వెనక్కి పోవచ్చు, అక్టోబరులో ఆ యంత్రాల దగ్గర ఖాళీ వస్తుంది, అక్కడ ఎవరూ పుట్టరు అనిపించింది.

రోజా బెకోవ్నా కాగితాల మీద సంతకాలు పెడుతోంది. తలెత్తలేదు.

“నిజం గుర్తొచ్చిందా?”

నిలబడే చెప్పాను. శాలువా, టీ, గడియారం, నా చేతిరాత. శుక్రవారం సంగతి చెప్పలేదు. మార్చి తొమ్మిది కథలో దాన్ని ఇరికించడం ఇష్టం లేకపోయింది. ఆవిడ సంతకాలు ఆపింది. ఓదార్చలేదు, తిట్టలేదు. ఒక తెల్లకాగితం నా వైపు తోసింది.

“ఆ రికార్డు తప్పని మీ ఆసుపత్రికి రాయి. ఇక్కడే, నా బల్ల మీద.”

“వాళ్లు నా సర్టిఫికెట్ రద్దు చేస్తే?”

“చేస్తే చేస్తారు. అప్పుడు నేల తుడిచే పని ఇస్తాను. రాయి.”

రాశాను. నాలుగు వాక్యాలకి అరగంట పట్టింది. ఆవిడ చదివి, కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించింది. గది ఇవ్వలేనంది. మూడు నెలల తరవాత హాస్టలు, చిరునామా, అప్పుడు పిల్ల. కొత్త సంవత్సరం తరవాత బడి మధ్యలో చేరడం కష్టమే కానీ జరగనిది కాదంది. తల ఊపాను.

“ఒకటి అడుగుతా, ఈసారైనా నిజం చెప్పు. ఆ గదిలోకి వెళ్లాలంటే ఇంకా భయంగా ఉందా?”

ఉంది. ఈ భయం పోగొట్టుకుని రమ్మంటుందేమో, ఇంకెక్కడికి పోవాలి అనుకున్నాను.

“ఉందండి. చాలా ఉంది. పోదేమో కూడా.”

“మంచిది” అని మళ్లీ కలం తీసుకుంది. “ఆ భయం పోయిన రోజు వచ్చి నాకు చెప్పు. ఆ రోజే నిన్ను పనిలోంచి తీసేస్తాను. రేపు ఎనిమిదింటికి రా.”